కాఫీ, తేయాకు కొండల్లోని గోల్ఫ్ మైదానాలను చూసి రావడం ఎలా?

మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ ఊటీకో, కొడగుకో, మున్నార్‌కో వెళ్లే కుటుంబాలు సాధారణంగా సరస్సు, పూలతోట, జలపాతం, చాక్లెట్ దుకాణాలు చూసుకొని తిరిగి వస్తాయి. అదే కొండల మీద తేయాకు పొదలకూ కాఫీ మొక్కలకూ నడుమ, ఒకప్పుడు తోటల దొరలు తమ ఆటవిడుపు కోసం వేసుకున్న గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి వందేళ్లు దాటాయి. కొన్నేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి నేను వాటిలో నాలుగింటిని చూశాను, రెండింటిలో ఆడాను. తెల్లవారి మంచు విడుతున్న వేళ ఆటగాడి కర్రల సంచి మోస్తూ దారి చూపే క్యాడీ వెనుక పచ్చికలో నడిచినప్పుడు ఆ కొండలు నాకు కనిపించినంత చక్కగా ఏ వ్యూ పాయింటు దగ్గరా కనిపించలేదు. ఆ అనుభవం మన ప్రాంతం వారికి కూడా దక్కాలన్న కోరికతో, ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరంగా రాస్తున్నాను.

ఆడటానికా, చూడటానికా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే, ఎందుకంటే మీరు రాయవలసిన ఉత్తరం, కట్టవలసిన రుసుము, తొడుక్కోవలసిన బూట్లు, చివరికి ఎంచుకోవలసిన ఊరు కూడా దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఆట వచ్చినవారు తమ హ్యాండిక్యాప్ ధ్రువపత్రం వెంట తీసుకువెళ్లాలి; ఒక ఆటగాడి స్థాయి ఎంతో తెలిపే ఆ పత్రం చూడనిదే కొన్ని క్లబ్బులు బయటివారిని మైదానంలోకి పంపవు. ఆట రానివారు దిగులుపడనవసరం లేదు. ముందుగా అడిగితే క్లబ్బు భవనం దగ్గర కూర్చొని చూడటానికో, ఆటగాళ్లు లేని వేళ అంచుల వెంట నడవడానికో చాలాచోట్ల ఒప్పుకుంటారు. వెంట ఆడేవారు ఒక్కరున్నా, వారితో పాటు ప్రేక్షకులుగా నడిచే అవకాశం దొరకవచ్చు.

కొత్తవారి కోసం ఆట గురించి నాలుగు మాటలు. మైదానంలో తొమ్మిది గానీ పద్దెనిమిది గానీ హోల్స్ ఉంటాయి. ఒక్కొక్క హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. తేయాకు కొండల్లో ఈ మాట రెండు అర్థాల్లోనూ వినిపిస్తుంది కనుక క్యాడీ ఏ టీ గురించి చెబుతున్నాడో గమనించాలి. టీ నుంచి ముందుకు సాగే, గడ్డి కత్తిరించిన బాట ఫెయిర్‌వే; చివర చాప పరిచినట్లు నున్నగా ఉండే గుండ్రటి గడ్డి గ్రీన్; దాని మీద 108 మిల్లీమీటర్ల వెడల్పున్న గుంత. ఆ గుంతలోకి బంతిని ఎన్ని దెబ్బల్లో చేర్చడం న్యాయమో చెప్పే లెక్క పార్. పద్దెనిమిది హోల్స్ ఆడటానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది, నడక ఏడెనిమిది కిలోమీటర్లకు తగ్గదు. కొండల్లో అదంతా ఎక్కుడు దిగుడుగా ఉంటుంది కనుక, మోకాళ్ల నొప్పులున్నవారు తొమ్మిది హోల్స్‌తోనే సరిపెట్టుకోవాలని నా సలహా.

బయలుదేరడానికి రెండు నెలల ముందు హైదరాబాదులో

మన రెండు జిల్లా కేంద్రాల నుంచీ హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లే. కొండలకు వెళ్లక ముందే అక్కడ ఒక మైదానాన్ని చూడటం, వీలైతే దెబ్బలు సాధన చేసే డ్రైవింగ్ రేంజిలో నాలుగైదు సార్లు బంతులు కొట్టి రావడం చాలా అవసరం. గోల్కొండ కోటకు ఆనుకొని ఉన్న నయాఖిల్లాలో ఒక పద్దెనిమిది హోల్స్ మైదానం ఉంది. కోట బురుజులు, హాతియాన్ కా ఝాడ్ అని పిలిచే ఆ పెద్ద బావోబాబ్ చెట్టు ఉన్న ప్రాంతం అది. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ అనే మరో పద్దెనిమిది హోల్స్ మైదానం ఉంది. దాని బండరాళ్లను చూస్తే మన దేవరకొండ, కోయిలకొండ గుట్టలు గుర్తుకు రాక మానవు. ఈ రెండింటిలో దేని తలుపు తట్టినా ముందుగా ఫోన్ చేసి, బయటివారికి శిక్షణ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కొని వెళ్లండి.

ఈ దశలో కర్రలు కొనవద్దు. నిబంధనల ప్రకారం సంచిలో గరిష్ఠంగా 14 కర్రలు ఉండవచ్చు గానీ కొత్తవారికి ఆరేడు చాలు; వాటిని కూడా మైదానంలో అద్దెకు తీసుకోవచ్చు. ఎడమచేతి వాటం వారికి మాత్రం ఒక హెచ్చరిక: అద్దె సెట్లు దాదాపు అన్నీ కుడిచేతి వాటానివే ఉంటాయి కనుక, కొండ మీది క్లబ్బులో మీకు సరిపోయే సెట్టు ఉందో లేదో ముందే అడగాలి, లేకుంటే ఎవరినుంచైనా అరువు తీసుకొని వెళ్లాలి.

అనుమతి ఉత్తరం

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కొండల్లోని గోల్ఫ్ మైదానాలు టిక్కెట్టు కొని లోపలికి వెళ్లే ఉద్యానవనాలు కావు. వాటిలో చాలా వరకు సభ్యుల క్లబ్బులవి. కొన్ని తోటల కంపెనీలవి. కూనూరు పక్కన వెల్లింగ్టన్ జింఖానా వంటివి కంటోన్మెంటు ప్రాంతంలో ఉన్నాయి. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటు కేంద్రం, రక్షణ దళాల స్టాఫ్ కాలేజీ ఉన్నందువల్ల అక్కడ గుర్తింపు పత్రాల తనిఖీ మరింత పట్టుదలగా ఉండటం సహజం.

మొదటిసారి నేను ఈ విషయం తెలియక, ముగ్గురు మిత్రులతో రాత్రంతా ప్రయాణించి, ఉదయం పదింటికి ఒక క్లబ్బు గేటు ముందు జీన్స్ ప్యాంటుతో నిలబడ్డాను. కాపలాదారు మర్యాదగానే మాట్లాడాడు గానీ లోపలికి వదలలేదు. ఎదుటి రోడ్డు మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కూర్చొని, కంచె అవతల తెల్లని బంతి ఒకటి లోయ మీదుగా సాగిపోవడం చూసి తిరిగి వచ్చాము. తప్పు పూర్తిగా మాదే. ఆ తర్వాత నేను ఏ క్లబ్బుకూ మూడు వారాల ముందు ఉత్తరం రాయకుండా వెళ్లలేదు.

ఆ ఉత్తరంలో మీ పేరు, ఊరు, ఎందరు వస్తున్నారు, ఏ తేదీ, ఏ పూట, ఆడతారా లేక చూడటానికేనా, ఆడితే హ్యాండిక్యాప్ ఎంత, ఏ గుర్తింపు కార్డు తెస్తారు అన్న వివరాలు ఉండాలి. మీరు అడగవలసినవి కూడా అందులోనే అడగండి: ఆ రోజు టోర్నమెంటు ఏదైనా ఉందా; గడ్డి పనుల కోసం మైదానాన్ని మూసే వారం ఏది; అతిథులు ఆడటానికి కట్టే గ్రీన్ ఫీజు, క్యాడీ రుసుము, సెట్టు అద్దె, తాత్కాలిక సభ్యత్వపు రుసుము విడివిడిగా ఎంతెంత; పిల్లలకు ప్రవేశం ఉందా; ఫొటోలు తీసుకోవచ్చా. ఈ రుసుములన్నీ వేర్వేరుగా ఉంటాయని తెలియక, గ్రీన్ ఫీజు ఒక్కటే చూసుకొని వెళ్లినవారు కౌంటరు దగ్గర ఇబ్బంది పడతారు. వారాంతపు రుసుము సాధారణంగా ఎక్కువ కనుక మంగళవారం నుంచి గురువారం లోపల వెళ్లగలిగితే ఖర్చూ తగ్గుతుంది, మైదానమూ ఖాళీగా ఉంటుంది. జవాబు ఈమెయిల్‌లో వస్తే దాన్ని అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి. ఘాట్ రోడ్ల మీద ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేము.

మీ బంధువుల్లో గానీ స్నేహితుల్లో గానీ హైదరాబాదులోని పాత క్లబ్బుల సభ్యులు ఎవరైనా ఉంటే వారిని తప్పక అడగండి. అటువంటి క్లబ్బులకు ఇతర నగరాల, కొండ ఊళ్ల క్లబ్బులతో పరస్పర ఒప్పందాలు ఉంటాయి. సభ్యుడి పరిచయ లేఖ ఒక్కటి ఉంటే ప్రవేశమే కాక, ఒక్కోసారి బస కూడా దొరుకుతుంది.

ఏ కొండకు వెళ్లాలి?

ఒక ప్రయాణంలో ఒక కొండ, మహా అయితే రెండు మైదానాలు. అంతకు మించి పెట్టుకుంటే సగం రోజులు కారులోనే గడిచిపోతాయి. మన ప్రాంతం నుంచి దారి ఎటు సులువో చూసి ఎంచుకోవడం మంచిది.

మహబూబ్‌నగర్ వైపు వారికి కొడగు దగ్గరి దారి. కాచిగూడ నుంచి మైసూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది; సొంత వాహనంలో అయితే జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు చేరి, అక్కడి నుంచి మైసూరు వెళ్లాలి. మైసూరు నుంచి మడికేరి సుమారు 120 కిలోమీటర్లు. విరాజపేట దగ్గర బిట్టంగాలలో పద్దెనిమిది హోల్స్ మైదానం, మడికేరిలో మెర్కారా డౌన్స్, పొలిబెట్టలో టాటా వారి కాఫీ తోటల నడుమ తొమ్మిది హోల్స్ మైదానం ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారికి నేను కొడగునే సూచిస్తాను. ఎత్తు మరీ ఎక్కువ కాదు కనుక ఊపిరి ఇబ్బంది ఉండదు. పైగా మక్తల్, కృష్ణా మండలాల వైపు వారికి కన్నడం కొంత అలవాటే కనుక మాట సాయం సులువుగా దొరుకుతుంది. కాఫీ తోటల నీడ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, మధ్యలో హఠాత్తుగా తెరుచుకునే ఫెయిర్‌వే, ఈ మూడింటి కలయిక కొడగుకే ప్రత్యేకం. అదే రాష్ట్రంలో చిక్కమగళూరులో కూడా కాఫీ తోటల మధ్య గోల్ఫ్ మైదానం ఉంది. బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి నాటాడని చెప్పుకునే కొండలు ఆ ఊరి దగ్గరివే.

నల్లగొండ, మిర్యాలగూడ వారికి మరో వెసులుబాటు ఉంది. తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఆ రెండు ఊళ్ల మీదుగా పోయి కోయంబత్తూరు, ఆలువా చేరుతుంది. కోయంబత్తూరులో దిగితే నీలగిరులు, ఆలువాలో దిగితే 110 కిలోమీటర్ల దూరంలో మున్నార్. నీలగిరులకు మేట్టుపాళయం నుంచి పళ్ల చక్రాల కొండ రైలు ఉంది. 46 కిలోమీటర్ల ఆ దారి 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు సాగింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ రైలు పెట్టెల్లో కర్రల సంచి పెట్టుకోవడానికి చోటు తక్కువ కనుక బరువు సామాను ఉన్నవారు రోడ్డు మార్గమే ఎంచుకోవడం మేలు. ఊటీ జింఖానా క్లబ్బు వారి పద్దెనిమిది హోల్స్ మైదానం 2,200 మీటర్లకు పైబడిన ఎత్తులో, గడ్డి దిబ్బల మధ్య ఉంటుంది. ఒకప్పుడు ఆ ఎత్తుల్లో సహజంగా ఉన్నవి పచ్చిక బయళ్లు, లోయల్లోని షోలా అడవులు. తేయాకు, నీలగిరి చెట్లు, తుమ్మ జాతి వాటిల్ చెట్లు తర్వాత నాటినవి. ఆ పాత పచ్చిక కొండ ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే గోల్ఫ్ మైదానం అంచున నిలబడి చూడాలి.

మున్నార్‌లో తోటల దొరలు స్థాపించుకున్న హై రేంజ్ క్లబ్బుకు చిన్న మైదానం ఉంది. అక్కడి నుంచి టాప్ స్టేషన్ వెళ్లే దారిలో కుండల అనే చోట తొమ్మిది హోల్స్ మైదానం మరొకటి ఉంది. ఒకప్పుడు ఆ కుండల లోయలో చిన్న రైలు నడిచేది. 1924 వరదల్లో అది కొట్టుకుపోయింది. కొడైకెనాల్ మైదానం 1895 నాటి క్లబ్బుది. పద్దెనిమిది హోల్స్, చుట్టూ అడవి, గ్రీన్ల మీద తాపీగా మేస్తూ కనిపించే అడవిదున్నలు. అక్కడ తోటలు తక్కువ, అడవి ఎక్కువ కనుక తేయాకు చూడాలనుకునేవారికి అది మొదటి ఎంపిక కాకూడదు.

సొంత వాహనంలో ఊటీకి గానీ కొడైకెనాల్‌కు గానీ వెళ్లేవారికి మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ అవసరమైంది. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి కూడా పెడుతున్నారు. బస్సులో, రైలులో వెళ్లేవారికి ఈ బెడద లేదు.

ఏ నెలలో?

మనకు ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లోనే కొండలకు పోవాలనిపిస్తుంది. గోల్ఫ్ కోసం అయితే ఆ రెండు నెలలూ వద్దు. ఘాట్ రోడ్లు వాహనాలతో నిండిపోతాయి, క్లబ్బుల్లో వేసవి టోర్నమెంట్లు ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొడగు, మున్నార్ వర్షాల్లో మునిగి ఉంటాయి. కొడగు రైతులు వానను నేటికీ అంగుళాల్లో లెక్క చెబుతారు; అక్కడి ఒక జూలై నెల వాన మన పాలమూరు నేలకు ఏడాది వాన కన్నా ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన కూనూరు, కొడైకెనాల్ వైపు పడుతుంది. ఇవన్నీ తీసివేస్తే మిగిలేవి డిసెంబరు నుంచి మార్చి వరకు నాలుగు నెలలు, అవే మంచి నెలలు. కొడగులో డిసెంబరు, జనవరి నెలల్లో ఎర్రని కాఫీ పండ్లు కోస్తూ ఉంటారు. మార్చిలో తొలి జల్లు పడిన వారం, పది రోజులకు తోటలన్నీ తెల్లని పూలు విరిసి మల్లెతోటల్లా వాసన వేస్తాయి. ఆ పూల వారం మైదానంలో నడవగలగడం అదృష్టమే, ఎందుకంటే అది ఏ తేదీన వస్తుందో వానే నిర్ణయిస్తుంది.

ఊటీలో డిసెంబరు, జనవరి ఉదయాలు గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. ఆ మంచు కరగక ముందు గడ్డి మీద అడుగు పెడితే గడ్డి చిట్లి, అడుగుల గుర్తులు రోజుల తరబడి నల్లగా మిగిలిపోతాయి. కనుక ఆట ఆలస్యంగా మొదలవుతుంది. ఓపిక పట్టి వేడి టీ తాగుతూ వేచి ఉండాలి.

సామాను, దుస్తులు

కాలరు ఉన్న చొక్కా, బట్ట ప్యాంటు లేదా మోకాలి దాకా ఉండే నిక్కరు, మెత్తని ముళ్లున్న గోల్ఫ్ బూట్లు లేదా చదునైన స్పోర్ట్స్ బూట్లు తీసుకోండి. గుండ్రటి మెడ టీషర్టు, జీన్స్, చెప్పులు ఎక్కడా ఒప్పుకోరు. ఆడవారు చీరలోనో చుడీదారులోనో క్లబ్బు భవనం దగ్గర కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు గానీ, మైదానంలో నడవడానికి చుడీదారు, బూట్లు సౌకర్యం. పల్చని స్వెట్టరు, వాన కోటు, టోపీ, కుడిచేతి వాటం వారికి ఎడమ చేతి గ్లవ్, చిన్న తువ్వాలు, ఒక పొట్లం ఉప్పు పెట్టుకోండి. ఉప్పు జలగల కోసం. వాన పడిన మర్నాడు గడ్డిలో నడిస్తే అవి మేజోళ్ల మీదికి ఎక్కుతాయి, లాగి పారేయకుండా ఉప్పు చల్లితే వాటంతట అవే వదిలేస్తాయి. నీళ్లకు స్టీలు సీసా తీసుకువెళ్లండి. నీలగిరుల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. దారిలోని తనిఖీ కేంద్రాల దగ్గర కారు ఆపి మరీ తీసేస్తారు. ఇంట్లో చేసిన సకినాలు, పల్లీపట్టీలు నాలుగు స్టీలు డబ్బాలో పెట్టుకుంటే తొమ్మిదో హోల్ దగ్గర వాటి విలువ తెలుస్తుంది. అయితే అడవిదున్నలు, కోతులు తిరిగే చోట ఒక్క పలుకు కూడా నేల మీద వదలకూడదు.

మైదానంలో ఆ ఉదయం

మన ఊళ్లు సముద్ర మట్టానికి 400, 500 మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. చేరిన రోజే ఆటకు దిగవద్దు. ఆ రోజు ఊళ్లో మెల్లగా నడిచి, తొందరగా పడుకొని, మర్నాడు చెప్పిన వేళకు అరగంట ముందే క్లబ్బు కార్యాలయంలో ఉండండి. రుసుము కట్టి, రసీదు తీసుకొని, క్యాడీని పరిచయం చేసుకోండి.

ఆ ఉదయానికి మీకు గురువు క్యాడీయే. ఆ వాలు ఎటు, నిన్నటి వానకు ఏ గ్రీన్ మీద బంతి నెమ్మదిస్తుంది, ఏ పొద వెనుక దున్న పడుకునే అలవాటు ఉంది అన్నది అతనికి తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు. మున్నార్ ఎస్టేట్లలోనూ నీలగిరుల్లోనూ తమిళం నడుస్తుంది. వయసు ఎంతైనా ‘అణ్ణా’ అని పిలిస్తే చాలు, ముఖం విప్పారుతుంది. ఆ తోటల్లో పనిచేసే కుటుంబాల పెద్దలు చాలామంది ఒకప్పుడు కరవు తట్టుకోలేక తమిళ మైదాన జిల్లాల నుంచి కొండెక్కినవారు. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల ఊళ్ల నుంచి వెళ్లిన మనకు ఆ చరిత్ర వేరుగా చెప్పనవసరం లేదు. కార్యాలయంలో కట్టిన క్యాడీ రుసుము కాక చివరలో అతని చేతికి విడిగా కొంత ఇవ్వండి, పేరు అడిగి గుర్తుంచుకోండి. తర్వాతి ఏడు వెళ్లినప్పుడు అతన్నే అడగవచ్చు.

ఆడేవారు కొండల్లో దెబ్బల లెక్కను కొంత మార్చుకోవాలి. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచనవుతుంది, బంతిని వెనక్కి పట్టే శక్తి తగ్గుతుంది. హైదరాబాదులో 150 గజాలు పోయే దెబ్బ ఊటీలో 160 గజాలు దాటవచ్చు. తెల్లవారుజామున చలి వల్ల బంతి కొంత బిగిసి ఉంటుంది కనుక ఆ లాభం ఎండెక్కిన తర్వాతే బాగా తెలుస్తుంది. నీలగిరుల్లో విస్తరించిన కికుయు గడ్డి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల నుంచి వచ్చినది, దట్టంగా అల్లుకుంటుంది. బంతి అందులో కూరుకుంటే దూరం కొట్టాలని ప్రయత్నించక, పొట్టి కర్రతో ఫెయిర్‌వే మీదికి తెచ్చుకోవడమే తెలివి. గ్రీన్ మీద బంతి కంటికి చదునుగా కనిపించే చోట కూడా లోయ వైపు జారుతుంది. ఆ ఒక్క విషయంలో మీ కన్నును నమ్మకండి, క్యాడీ వేలు చూపిన చోటుకే కొట్టండి.

చూడటానికి వెళ్లినవారు పాటించవలసినవి ఇంకా ముఖ్యం. ఆటగాడు కర్ర ఎత్తినప్పటి నుంచి బంతి కదిలే దాకా కదలకూడదు, మాట్లాడకూడదు, అతని వెనుక సూటిగా నిలబడకూడదు. ఫెయిర్‌వేను అడ్డంగా దాటవలసి వస్తే క్యాడీ చేయి ఊపిన తర్వాతే దాటాలి. బంతి మీ వైపు వస్తోందని హెచ్చరించే ‘ఫోర్’ అన్న కేక వినిపిస్తే అది ఎటు నుంచి వచ్చిందో చూడటానికి తల తిప్పవద్దు. రెండు చేతులతో తల కప్పుకొని వంగిపోవాలి. నలభై అయిదు గ్రాముల బంతే కావచ్చు గానీ ఆ వేగంతో తగిలితే ప్రాణాపాయం. గ్రీన్ మీద నడవమని అనుమతిస్తే కాళ్లు ఈడ్చకుండా నడవండి. ఎవరి బంతికీ గుంతకూ మధ్య గీసినట్లుండే దారిని తొక్కకండి, నీడ కూడా దాని మీద పడనివ్వకండి. పదేళ్లలోపు పిల్లలను మైదానంలోకి తీసుకువెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వారికి ఇసుక బంకరు కనిపిస్తే ఆగరు, మనకు వారి మీదే కన్ను ఉంటుంది, చూడవలసింది చూడలేము.

బంతి తేయాకు పొదల్లోకి పోతే పోయిందే అనుకోండి. 2019 నుంచి అమలైన నిబంధనల ప్రకారం వెతకడానికి ఉన్న సమయం మూడు నిమిషాలే. పైగా తోట హద్దు దాటితే అది ఆట హద్దు కూడా దాటినట్లే కావచ్చు. నడుము ఎత్తు పొదల్లో దూరితే లేత చిగుళ్లు విరుగుతాయి, పాములుంటాయి. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున గిల్లి బుట్ట నింపే మనిషికి ఆ చిగుళ్లే కూలి. కొడగు తోటల్లో అయితే ఏనుగుల భయం నిజమైనది. పొద్దు వాలిన తర్వాత, తెల్లవారక ముందు కాఫీ తోటల దారుల్లో నడవకండి, ఎస్టేటు వారు తోడు వస్తామంటేనే వెళ్లండి. అడవిదున్న కనిపిస్తే ఆట ఆపి, కనీసం ఒక ఫెయిర్‌వే వెడల్పు దూరం విడిచి, అది తనంతట తాను కదిలే దాకా ఆగాలి. ఉరుము వినిపించిన క్షణమే కర్రలు దించి భవనంలోకి వెళ్లాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

ఆట ముగిశాక

మధ్యాహ్నం భోజనం వీలైతే క్లబ్బులోనే చేయండి. అక్కడి గోడల మీద ఉండే పాత ఫొటోలను, ఏటా గెలిచినవారి పేర్లు రాసిన చెక్క పలకలను తీరికగా చూడండి. మున్నార్ హై రేంజ్ క్లబ్బులో పాత తోటల యజమానుల టోపీలను గోడకు తగిలించి ఉంచారు. సాయంత్రం పక్కనున్న తోటలో గానీ తేయాకు ఫ్యాక్టరీలో గానీ ఒక గంట గడపడానికి మీ హోంస్టే వారి ద్వారా అడగండి. ఉదయం మీరు నడిచిన ఆ వాలులో గడ్డికి బదులు పంట వేస్తే ఎంత శ్రమ అవుతుందో అక్కడ తెలుస్తుంది.

ఊటీ నుంచి మైసూరు మీదుగా తిరిగి వచ్చేవారు ఒక సమయాన్ని మరువకూడదు. ముదుమలై, బందీపూర్ అడవుల గుండా పోయే ఆ రోడ్డు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలకు మూసి ఉంటుంది. ఊటీ నుంచి మసినగుడి వైపు దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, కొండ దారి అలవాటు లేని డ్రైవర్లు గూడలూరు మీదుగా చుట్టు తిరిగి రావడమే క్షేమం. ఆ చుట్టు దారికి పట్టే సమయం కూడా లెక్కపెట్టుకొని, మధ్యాహ్నం రెండున్నరకల్లా ఊటీ విడవండి. అప్పుడు చీకటి పడకముందే అడవి దాటి, రాత్రి భోజనానికి మైసూరు చేరుకోవచ్చు.